కాళ్ళు అందేదాకా: నా హిమాలయన్ 411 ఎత్తు తగ్గించుకున్న అనుభవం

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. గోడకి ఆనుకుని నిలబడి కాళ్ళ మధ్య పుస్తకం పెట్టి కొలిస్తే లోపలి కాలు పొడవు సరిగ్గా 70 సెంటీమీటర్లు వచ్చింది. నేను కొనుక్కున్న బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, సెకండ్ హ్యాండు, బీఎస్6. దాని సీటు ఎత్తు 800 మి.మీ., అంటే 80 సెంటీమీటర్లు. బరువు 199 కిలోలు. లెక్క చూస్తేనే తెలిసిపోతోంది కదా, కానీ ఆ బండి అంటే నాకు ఎప్పట్నుంచో ప్రాణం, కాలేజీ రోజుల్లో అరకు రోడ్డులో ఒకావిడ దాని మీద వెళ్తుంటే బస్సు కిటికీలోంచి చూశాను, అప్పటినుంచి మనసులో అదే ఉండిపోయింది, అందుకే ఎవరేం చెప్పినా వినలేదు.

నడుస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఆగినప్పుడే అసలు సమస్య. రెండు కాళ్ళూ దింపితే బొటనవేళ్ళ చివర్లు మాత్రమే తగిలేవి. అదీ చదునుగా ఉన్నచోట. మాది పెదవాల్తేరు వైపు, వైజాగ్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వీధులన్నీ ఎగుడుదిగుడే, ఒక సందు ఎక్కాలి ఒక సందు దిగాలి, సిగ్నల్ దగ్గర కూడా రోడ్డు ఏదో ఒక పక్కకి వాలి ఉంటుంది. కుడివైపు వాలు ఉన్నచోట ఆగి పొరపాటున కుడికాలు దింపానంటే ఆ కాలికి నేల దొరికేది కాదు. 199 కిలోల బండి ఒకసారి కొంచెం వాలిందంటే ఆపడం నా వల్ల కాదు, మగవాళ్ళ వల్ల కూడా కాదు ఆమాటకొస్తే. రెండు నెలల్లో రెండుసార్లు నిలబడ్డచోటే పడిపోయింది. రెండోసారి వెనక ఆటో ఉంది, ఆయన బ్రేకు వెయ్యకపోతే ఏమయ్యేదో. ఆ రోజు ఇంటికొచ్చి నిర్ణయించుకున్నా, బండి అమ్మను, ఎత్తు తగ్గిస్తాను అని.

మొదట వెళ్ళింది దగ్గర్లో ఉన్న ఒక షాపుకి. విషయం చెప్తే కుర్రాడు సీ ఆకారంలో ఉండే పానా తీసి వెనక మోనోషాక్ (వెనక ఉండే ఒకే ఒక్క షాకబ్జర్) స్ప్రింగుని బిగించే కాలర్ని టకటకా తిప్పేసి "అయిపోయింది మేడమ్, ఇప్పుడు కూర్చోండి" అన్నాడు. కూర్చుంటే నిజంగానే కిందకి దిగింది, మునివేళ్ళు బాగానే ఆనాయి, నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనయింది. సాయంత్రం తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని వస్తుంటే స్పీడ్ బ్రేకర్ మీద ధన్ మని నడుం దాకా తగిలింది. రెండో బ్రేకర్ మీద మళ్ళీ. షాకబ్జర్ మొత్తం దిగిపోయి చివరికి కొట్టుకుంటోంది.

అతను చేసింది ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే కొంత నొక్కి ఉంచే బిగింపు, మొత్తం వదిలెయ్యడం. ఇది చాలామంది పొరబడే చోటు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ప్రీలోడ్ తగ్గిస్తే స్ప్రింగు మెత్తబడదు, స్ప్రింగు అదే స్ప్రింగు, మనం కూర్చున్నప్పుడు బండి ఎంత దిగుతుంది అనేది మాత్రం మారుతుంది. ఆ దిగేదాన్ని సాగ్ అంటారు. హిమాలయన్‌కి వెనక ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందకీ కదలగలిగే దూరం, 180 మి.మీ., అందులో మనిషి కూర్చుంటే మూడోవంతు దాకా దిగితే సరిపోతుంది, ఇంకా ఎక్కువ దిగిందంటే గుంటలకి మిగిలేది తక్కువ. అంటే ప్రీలోడ్‌తో తెచ్చుకున్న ఎత్తు అప్పు లాంటిది, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా తిరిగి కట్టాలి.

ఇంకో చోట అడిగితే స్ప్రింగు రెండు చుట్లు కోసేద్దాం అన్నారు. దయచేసి ఎవరూ ఒప్పుకోకండి. కోసిన స్ప్రింగు పొట్టిదవడమే కాదు గట్టిపడుతుంది కూడా, చివర చదునుగా కూర్చోదు, లోపల డ్యాంపింగ్ (స్ప్రింగు ఊగకుండా ఆపేది) మాత్రం పాత స్ప్రింగుకి సెట్ చేసినదే ఉంటుంది, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళే దారి లేదు. నేను దండం పెట్టి వచ్చేశా.

తర్వాత ఆఫీసులో ఒక సార్ గాజువాక ఆటోనగర్ వైపు ఒక పెద్ద మెకానిక్ ఉన్నారని చెప్తే వెళ్ళాను. ఆయన పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. వయసు అరవై దాకా ఉంటుంది, నేను బాబాయ్ అనే పిలుస్తా. నేను చెప్పిందంతా విని ఆయన అడిగిన మొదటి మాట "ఏటమ్మా, ముందు కొలిసేవా?" అని. కొలవలేదన్నా. "కొలవకుండా ఏటి తగ్గిస్తావు, ఇంటికెళ్ళి కొలిసి కాయితం మీద రాసి తే" అన్నారు. పానా కూడా ముట్టుకోలేదు ఆ రోజు.

ఇంటి దగ్గర నేనూ తమ్ముడూ కొలిచాం. బండి డబుల్ స్టాండ్ వేస్తే వెనక చక్రం గాల్లో వేలాడుతుంది, అప్పుడు యాక్సిల్ (చక్రం ఇరుసు) మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, వెనక ప్యానెల్ మీద తెల్ల టేపు ముక్క అంటించి దాని దాకా కొలత, 560 మి.మీ. తర్వాత స్టాండ్ తీసి నేను హెల్మెట్, జాకెట్ అన్నీ వేసుకుని కూర్చుంటే తమ్ముడు కొలిచాడు, కుర్రాడు వదిలేసిన సెట్టింగులో 494. అంటే నేనొక్కదాన్ని కూర్చుంటేనే 66 దిగిపోతోంది, ఇక వెనక మనిషి ఎక్కితే ఏం మిగుల్తుంది. నా బరువు 52 కిలోలు. ప్రీలోడ్ కొంచెం కొంచెం బిగిస్తూ మళ్ళీ మళ్ళీ కొలిచి, దిగేది 52 మి.మీ. అయిన దగ్గర ఆపాం. ఇలా చూస్తే తెలిసింది ఏంటంటే పాత ఓనర్ సామాన్లతో లాంగ్ రైడ్లు వెళ్ళేవాడట, ఆయన ఉంచిన సెట్టింగులో నాకు సాగ్ 38 మాత్రమే వచ్చేది. నా బరువుకి అది గట్టి సెట్టింగు. కాబట్టి నిజాయితీగా ప్రీలోడ్ వల్ల నాకు రావాల్సింది ఒక 14 మి.మీ., అంతే. అది ఉచితం. ముందు ఇది చూసుకోకుండా ఎవరూ డబ్బు ఖర్చు పెట్టకూడదని నా ఉద్దేశం.

రెండోది సీటు. సీటు కుట్టే షాపులో స్పాంజి మధ్యలో 15 మి.మీ. తీయించా, దాని కంటే ముఖ్యం ముందు భాగంలో రెండు పక్కలా అంచులు చెక్కించా. ఇది అనుభవం మీద కానీ అర్థం కాలేదు నాకు, సీటు ఎత్తు అని కంపెనీ ఇచ్చే అంకె ఒక్కటే చూస్తాం కానీ తొడల దగ్గర సీటు ఎంత వెడల్పు ఉందనేది కూడా కాలు అందడాన్ని తేలుస్తుంది, కాళ్ళు ఎంత ఎడంగా చాపాల్సి వస్తే అంత పొట్టిగా అయిపోతాయి. అదే కంపెనీ ఇంకో బండి మీటియోర్ సీటు 765 మి.మీ., అది నాకు హాయిగా అందింది కానీ నాకు ఆ బండి వద్దు. కుట్టే ఆయన ఇంకా తీసేస్తా అన్నాడు, నేను ఆపేశా, ఎందుకంటే అడుగున ప్లాస్టిక్ తగిలితే గంట కూడా కూర్చోలేం. సీటుకి 900 అయింది.

ఈ రెండూ అయ్యాక పాదం ముందు భాగం ఆనడం మొదలైంది, కానీ వాలు మీద ధైర్యం చాల్లేదు. ఇంకో అంగుళం కావాలి. అప్పుడు లింకుల దగ్గరికి వచ్చాం.

హిమాలయన్ 411 వెనక షాకబ్జర్ నేరుగా, చక్రాన్ని పట్టుకునే చేయి లాంటి స్వింగార్మ్‌కి తగిలించి ఉండదు, మధ్యలో రాకరు అని ఊగే ముక్క ఒకటి, దానికి రెండు పట్టీల్లాంటి లింకులు ఉంటాయి, కుక్క ఎముక ఆకారం కాబట్టి డాగ్‌బోన్ అంటారు. వాటి స్థానంలో కొంచెం పొడవైనవి వేస్తే వెనక భాగం కిందకి దిగుతుంది. లింకులో పెరిగేది కొద్ది మిల్లీమీటర్లే, కానీ లీవరేజ్ వల్ల చక్రం దగ్గర అది రెండు మూడు రెట్లు అవుతుంది. అందుకే రంధ్రాల మధ్య దూరంలో అర మిల్లీమీటరు తేడా కూడా రెండు లింకుల మధ్య ఉండకూడదు, ఉంటే బేరింగుల మీద పక్కకి లాగుతుంది. ఆటోనగర్‌లో లేత్ షాపులకి కొదవ లేదు, మామూలు ఇనప పట్టీ కోసి రంధ్రం పెట్టిచ్చేస్తారు నాలుగొందలకి, కానీ బాబాయ్ ఒప్పుకోలేదు. "ఇది తెగితే రోడ్డు మీద నువ్వుంటావు, నేనుండను" అన్నారు. రెడీమేడ్‌గా దొరికే లింకులు, వెనక 30 మి.మీ. తగ్గేవి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. 50 తగ్గేవి కూడా ఉన్నాయి, అవి వద్దని ఆయనే చెప్పారు.

విప్పడమే ఒక రోజు పట్టింది. సముద్రం పక్కన ఉండే బండ్లకి ఉప్పుగాలి ఏం చేస్తుందో ఆ రోజు కళ్ళారా చూశా. లింకు బోల్టు ఒకటి అస్సలు కదల్లేదు, రింగు పానాకి పైపు తొడిగి లాగినా కదల్లేదు, డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున చిన్నగా కిర్రుమని కదిలింది. బయటికి లాగితే బోల్టు మధ్యలో ఎర్రగా పొలుసులు, లోపల నీడిల్ బేరింగుల్లో గ్రీజు ఎండిపోయి బెల్లం పాకం గట్టిపడ్డట్టు ఉంది. వేలితో తిప్పితే గరగరలాడుతోంది. నేను ఎత్తు గురించి రాకపోతే ఆ బేరింగులు అలాగే అరిగిపోయేవి. రెండు బేరింగులు, సీళ్ళు కొత్తవి వేసి, గ్రీజు నిండా పెట్టి, కొత్త లింకులు బిగించారు, టార్క్ రెంచ్‌తోనే, సర్వీస్ మాన్యువల్ ఫోన్‌లో పెట్టుకుని.

చీకటి పడిపోయింది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల పని మర్నాడు చేద్దాం, బండి ఇక్కడే ఉంచమ్మా అన్నారు. నేను ఉంచలేదు. కొత్తగా కాళ్ళు అందుతున్న సంతోషంలో ఇంటికి తీసుకొచ్చేశా. అది నా తప్పు.

దారిలోనే తేడా తెలిసింది. వెనక దిగి ముందు అలాగే ఉండేసరికి ఫోర్కుల వాలు పెరిగి హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతోంది, మలుపులో లోపలికి రావట్లేదు, హెడ్‌లైటు ఎదురొచ్చేవాళ్ళ మొహాల్లోకి కొడుతోంది, ఒకాయన డిప్పర్ కొట్టి తిట్టుకుంటూ వెళ్ళాడు, నేను లో బీమ్‌లోనే ఉన్నా. ఇంటికొచ్చి వీధిలో సైడ్ స్టాండ్ వేసి లోపలికెళ్ళా. పది నిమిషాల్లో పెద్ద శబ్దం. బండి కుడివైపుకి పడిపోయి ఉంది. జరిగిందేంటంటే, బండి 3 సెంటీమీటర్లు దిగింది కానీ స్టాండు పొడవు అదే, దాంతో బండి ఎడమకి వాలకుండా దాదాపు నిటారుగా నిలబడింది, మా వీధి కుడివైపు వాలు, కుక్కో ఏదో తగిలుంటుంది, అంతే. బ్రేకు లీవరు వంగింది, అద్దం పగిలింది. అవి పోతే పోయాయి. అక్కడే సాయంత్రం పూట పక్కింటి పిల్లలు ముగ్గురు మెట్ల మీద ఆడుకుంటారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి ఎవరు లింకులు మార్చినా స్టాండు పని అదే రోజు, బండి షాపులోంచి కదలకముందే అవ్వాలి. నేను ఇంకో స్టాండు కొని దాన్ని కోయించా, అసలుది గోనెసంచిలో దాచా. స్టాండు బండి మీద ఉండగా వెల్డింగ్ పెట్టనివ్వకండి, విప్పి తీసుకెళ్ళాలి, బండి మీదే కరెంటు పెడితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయే ప్రమాదం ఉంది. మొదట 15 మి.మీ. తీసి అతికించి చూశాం, ఇంకా నిటారుగానే అనిపించింది, మళ్ళీ 6 తీశాం. ఒకేసారి ఎక్కువ తీస్తే బండి మరీ పక్కకి వాలిపోతుంది, తీసింది మళ్ళీ పెట్టలేం. కోసిన చోట లోపల చిన్న ఇనప ముక్క దూర్చి చుట్టూ వెల్డ్ చేసి గ్రైండర్‌తో నున్నగా చేసి నల్ల పెయింట్ కొట్టారు.

ఫోర్కుల పని చూస్తే తేలిగ్గా ఉంటుంది, చేస్తే జాగ్రత్త కావాలి. ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం లేపి, గైటర్ రబ్బర్ల క్లిప్పులు వదులు చేసి, ఫోర్కు పట్టుకునే పై క్లాంపు, కింద క్లాంపు బోల్టులు వదులు చేస్తే ఫోర్కు గొట్టం పైకి జరుగుతుంది. రెండు వైపులా మార్కర్‌తో గీతలు గీసుకుని, ఒక్కో పక్క కొంచెం కొంచెంగా, 20 మి.మీ. దగ్గర ఆపారు. రెండు వైపులా సమానంగా వచ్చిందో లేదో వెర్నియర్‌తో చూశారు, అది తేడా వస్తే యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది. వెనక 30 ముందు 20 ఎందుకంటే, ముందు ఇంకా దింపితే 21 అంగుళాల చక్రం పైన ఖాళీ తగ్గిపోతుంది, వెనకకంటే ముందు ఎక్కువ దింపితే హ్యాండిల్ మరీ చురుగ్గా తిరిగి స్పీడులో వణుకుతుంది. ఈ లెక్కలో హ్యాండిల్ నాకు మునుపటికి దగ్గరగా వచ్చింది. ఫోర్కులు విప్పి లోపల స్పేసర్లు వేసి ట్రావెలే తగ్గించే పద్ధతి కూడా ఉంది, అది ఇంకా పద్ధతైన పని, కానీ ఖర్చు ఎక్కువ, వెనక్కి రావడం కష్టం.

బాబాయ్ చేసిన ఒక పని నాకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే తెప్పించి, వెనక మడ్‌గార్డు లోపల టైరుకి ఎదురుగా 15 మి.మీ. మందంగా ముద్ద పెట్టారు, ముందు మడ్‌గార్డుకీ కింది క్లాంపుకీ మధ్య కూడా ఒక ముద్ద. తర్వాత తమ్ముణ్ణి వెనక ఎక్కించి షాపు పక్కన ఉన్న పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద నాలుగుసార్లు పోనిచ్చారు. వచ్చాక చక్రం కింద టార్చి వేసి చూస్తే వెనక క్లే మీద టైరు బుడిపెల అచ్చు దిగి ఉంది, పెన్ను రీఫిల్లు గుచ్చి కొలిస్తే 9 మి.మీ. మిగిలింది. ముందు దానికి అసలు తగల్లేదు. "ఈ తొమ్మిదే నీ ప్రాణం అమ్మా, లావు టైరు ఎయ్యకు" అన్నారు. 50 మి.మీ. లింకులు వేసుంటే టైరు నిండు బరువులో మడ్‌గార్డుని రాసుకునేది, అది వెనక చక్రం లాక్ అయ్యేదాకా పోవచ్చు.

చైను కూడా మళ్ళీ సెట్ చెయ్యాలి. స్వింగార్మ్ కోణం మారింది కదా, ముందు స్ప్రాకెట్టు, స్వింగార్మ్ పివట్టు, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది, బండి దిగాక ఖాళీగా నిలబడ్డప్పుడే ఆ గీతకి దగ్గరౌతుంది. అందుకని స్లాక్ (చైను వదులు) మనిషి కూర్చున్నప్పుడు కూడా చూసుకున్నాం. హెడ్‌లైటు గోడకి ఎదురుగా నిలబెట్టి దించాం.

పోయింది ఏంటంటే గ్రౌండ్ క్లియరెన్స్, బండి అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ. కంపెనీది 220 మి.మీ., ఇప్పుడు 195 దగ్గర. ఇద్దరం ఉంటే కొన్ని పెద్ద బ్రేకర్ల మీద ఇంజిన్ కింద ఉండే స్కిడ్ ప్లేటు రాసుకుంటుంది, కొంచెం ఏటవాలుగా పోనివ్వాలి. డబుల్ స్టాండ్ వెయ్యడం బాగా కష్టమైంది, బండి ఇంకా ఎక్కువ ఎత్తాలి కాబట్టి, నేను అంగుళం మందం చెక్క ఒకటి ఇంట్లో పెట్టుకున్నా, వెనక చక్రం దాని మీదకి ఎక్కించి స్టాండ్ వేస్తే ఇట్టే పడుతుంది. ఇంకో మాట, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. నేను చేసినవి, సీటు స్పాంజి తప్ప, అన్నీ విప్పి మళ్ళీ పాతవి పెట్టగలిగేవే, ఫ్రేమ్ ముట్టుకోలేదు, పాత లింకులు, స్టాండు ఉన్నాయి, అయినా ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పుకోవడం మంచిది. వారంటీలో ఉన్న బండైతే ఇంకా ఆలోచించాలి, నాది ఎలాగూ అయిపోయింది.

మొత్తం లింకులు, బేరింగులు, స్టాండు, కూలీ, సీటు కలిపి 8 వేల లోపే అయింది, పగిలిన అద్దం, లీవరు కాకుండా.

పని అయిన మూడో వారం అరకు వెళ్ళా, ఒక్కదాన్నే. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక హ్యాండిల్ ఎలా ఉందో అని ప్రతి మలుపు దగ్గరా గమనిస్తూ వెళ్ళా, ఎక్కడా భయం వెయ్యలేదు. అనంతగిరి దాటాక ఒక హెయిర్‌పిన్ మీద లారీ ఆగిపోయి ఉంది, అందరం ఎత్తు మీద మధ్యలో ఆగాల్సొచ్చింది. నేను ఎడమకాలు దింపా, పాదం ముందు సగం గట్టిగా ఆనింది, సీటు మీద కొంచెం ఎడమకి జరిగితే మడమ కూడా తగిలింది, కుడికాలు వెనక బ్రేకు మీద. పది నిమిషాలు అలాగే నిలబడ్డా. వెనక కారులో వాళ్ళు హారన్ కొడుతున్నా కంగారు రాలేదు. గాలికొండ దగ్గర బండి ఆపి బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పా, "స్టాండు సరిగ్గా పడిందా, రాయి మీద ఎయ్యలేదు కదా" అని మాత్రం అడిగారు.

పొట్టివాళ్ళకి ఇలాంటి బండ్లెందుకు అని నాతో చాలామంది అన్నారు, ఇంట్లోవాళ్ళు కూడా. బండి బాగోలేకపోతే బండిని సరిచేస్తాం కదా, ఎత్తు సరిపోకపోయినా అంతే.

ఇప్పటికి ఏడు నెలలైంది. వర్షాకాలం అయ్యాక లింకు బోల్టులు విప్పి చూపించా, గ్రీజు తడిగానే ఉంది, మళ్ళీ కొంచెం పెట్టించా. మా ఆఫీసులో ఒక చెల్లెలు ఎక్స్‌పల్స్ 200 కొంది, 5 అడుగుల 2 అంగుళాలు తను, లింకుల లింకు పంపు అక్కా అని మెసేజ్ పెట్టింది. పంపలేదు. ఆదివారం పొద్దున తనే బండి తీసుకుని మా ఇంటికి వస్తోంది, టేపు, తెల్ల ప్లాస్టరు ముక్క, కాయితం రెడీగా పెట్టా, తమ్ముడికి కూడా చెప్పి ఉంచా.